వెళ్ళేటప్పటి నడక

ప్రియమైన మేకూ,

ఇంత పెద్ద డాక్టరువయ్యాక కూడా ఆ పేరుతోనే పిలుస్తోందేమిటని విసుక్కోకు. మూడేళ్ళ వయసులో నాన్న పెట్టెలోంచి చెప్పుల మేకు తీసి మింగి ఇల్లంతా ఏడిపించినవాడివి నువ్వు. ఎముకల మీద ఎన్ని పుస్తకాలు రాసినా నాకు మేకువే.

ఫోన్ చేయకుండా ఉత్తరమెందుకంటావా? ఫోనులో నేను నోరు తెరిచేలోపే "అంతా బాగే కదక్కా, ఉంటాను మరి" అని ప్రశ్నా జవాబూ నువ్వే చెప్పేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

విషయమేమిటంటే, నాన్న కొట్టు మూసేశాడు. ఇవాళ్టికి ఆరు రోజులు. జ్వరం లేదు, నొప్పి లేదు. వేళకి తింటున్నాడు, పొద్దున్నే గడ్డం గీసుకుంటున్నాడు. వీధి తలుపు మాత్రం తెరవడు. పెరటి వైపు నుంచి కొట్లోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంటాడు. సాయంత్రం దాకా సుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఎవరి చెప్పులు బాగుచేస్తున్నాడయ్యా అంటే ఎవరివీ కావు. జనం ఇచ్చినవన్నీ సంచిలో ఎక్కడివక్కడే ఉన్నాయి. టీచరుగారు తన చెప్పు కోసం మూడుసార్లు తిరిగింది. నాలుగోసారి ఒక కాలికి తోలు చెప్పు, ఒక కాలికి రబ్బరు చెప్పు వేసుకుని వచ్చింది. కిటికీలోంచి "ఇప్పుడు వేరేవాళ్ళ పని పట్టుకోనండీ" అన్నాడట. "వేరేవాళ్ళ పని కాకపోతే ఎవరి పని పట్టుకుంటాడమ్మా మీ నాన్న?" అని ఆవిడ నన్నడిగింది.

ఆ కిటికీ దగ్గర కూర్చుని బ్యాగులకి జిప్పులు వేసుకునేదాన్ని కదా, నా మిషను కూడా లోపలే చిక్కుకుపోయింది.

అసలు భయం వేరే ఉంది. మన వరస కొట్లన్నిటికీ ఉన్న షరతు నీకు తెలుసుగా, ముప్ఫై రోజులు ఏకబిగిన మూసి ఉంటే మున్సిపాలిటీవాళ్ళు గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. పక్కన టైలరు గది అలాగే పోయింది. నలభై ఏళ్ళుగా నాన్న కూర్చున్న చోటది. అది పోతే ఆయన ఏమైపోతాడో నాకు ఊహించుకోవాలంటేనే భయంగా ఉంది.

నిన్న భోజనం దగ్గర ఉన్నట్టుండి "వాడు గోడ మీంచి దూకి విరగ్గొట్టుకుంది ఎడంకాలే కదా?" అనడిగాడు. కట్టుతో ఉన్న నిన్ను రెండు నెలలు భుజాన మోసినవాడు ఆ సంగతి నన్నడగడమేమిటి? నా బుర్రకేమీ తట్టడం లేదు. నీకేమైనా తడితే చెప్పు. వీలైతే రా.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. కంగారుపడకు. వయసు పైబడినవాళ్ళు తెలిసిన విషయాలే మళ్ళీ అడుగుతూ, అలవాటైన పని మానేసి తలుపులు వేసుకుంటున్నారంటే మతిమరుపు జబ్బేమో చూడాలి. అది నా శాఖ కాదు కాబట్టి ఒక స్నేహితుణ్ణి అడిగి కొన్ని ప్రశ్నలు రాయించి పంపుతున్నాను. ఇవాళ ఏ వారం, వందలోంచి ఏడేసి తీసేస్తూ రావడం, గడియారం బొమ్మ గీయడం, మూడు మాటలు చెప్పి మర్నాడు అడగడం. పరీక్ష అని మాత్రం చెప్పకు. మాటల్లో పెట్టి అడుగు.

నేను ఇప్పట్లో రాలేను. నెలాఖరుదాకా ఆపరేషన్లు ఉన్నాయి. మూడేళ్ళుగా ఆ వైపు రావడమే పడలేదు, నాకూ బాధగానే ఉంది. గది షరతు సంగతి అంటావా, రోజుకో గంట నువ్వే తలుపు తెరిచి కూర్చుంటే సరిపోదా?

నా ఎడంకాలు గురించి నాన్న ఎందుకడిగాడో నాకూ అర్థం కాలేదు.

నీ తమ్ముడు

*

మేకూ,

నీ పరీక్ష పెట్టాను. "ఇవాళ ఏ వారం నాన్నా?" అంటే "క్యాలెండరు కనబడటం లేదా తల్లీ? కళ్ళు చూపించుకో" అన్నాడు. వందలోంచి ఏడేసి తీసేయమంటే గబగబా రెండు దాకా వచ్చేసి "మిగిలిన రెండూ ఏం చేయమంటావు?" అన్నాడు. గడియారం బొమ్మ గీయమంటే గోడ గడియారం దించి నా చేతిలో పెట్టాడు. బల్ల, చిలక, తాళం అని మూడు మాటలు చెబితే, మర్నాడు పొద్దున్న నన్నే అడిగాడు. నాకు తాళం గుర్తురాలేదు. ఈ ఇంట్లో జబ్బంటూ ఉంటే అది నాకే.

తాళమంటే జ్ఞాపకమొచ్చింది. నన్ను తెరిచి కూర్చోమన్నావే, వీధి తలుపు తాళంచెవి ఆయన మొలకి కట్టుకుని తిరుగుతున్నాడు. ఊరికే సలహా ఇవ్వడమైతే ఎవరైనా ఇస్తారు.

ఇప్పుడు అసలు సంగతి విను. నిన్న ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు పెరటి వైపు గడియ తీసి ఉంటే దొంగలా లోపలికి దూరాను. బల్ల మీద కాగితంపై గీసిన రెండు పాదాలు ఉన్నాయి. పక్కన నల్లతోలు బూట్లు ఒక జత, కుట్లు విప్పేసింది ఇంకో జత, సగంలో ఉన్నది మరొకటి. అన్నీ ఒకటే కొలత. ఎడమ బూట్లో మడమ కింద పల్చటి తోలు పొరలు వేశాడు, ఒకదానికి ఒకటి, ఇంకోదానికి రెండు. ఆయన స్నానం చేసి వచ్చాక ఎవరికోసమని అడిగితే "ఒక పెద్దమనిషికి" అన్నాడు. కొలత ఎప్పుడిచ్చాడంటే "ఇవ్వలేదు" అన్నాడు. మరెలా కుడుతున్నావంటే "అందుకే కుదరడం లేదు" అన్నాడు. విన్నావా వరస!

నా బుర్ర బద్దలుకొట్టుకుని ఒక లెక్క కట్టాను. కొట్టు మూసే ముందురోజు మధ్యాహ్నం వంతెన దగ్గరి పెద్ద హోటలు మనిషొకడు ఖరీదైన బూట్లు తెచ్చాడు. ఒకదాని మడమ ఊడింది, తొందరగా కావాలన్నాడు. నాన్న వాటిని తిరగేసి చూస్తూ చాలాసేపు కదల్లేదు. దారం తెమ్మని నన్ను లోపలికి పంపాడు. నేనొచ్చేసరికి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఆ మర్నాటి నుంచే ఈ తంతు. చూపు ఆనక ఆ పెద్దమనిషి బూటు పాడుచేసి ఉంటాడు. ఆ సంగతి నాకు చెప్పలేక, దాని బదులు కొత్త జత కుట్టి ఇవ్వాలని పడుతున్నట్టున్నాడు. హోటలుకి వెళ్ళి ఆ బూట్లెవరివని అడిగితే చెప్పకూడదన్నారు. రేపు మళ్ళీ వెళ్తాను.

పదమూడు రోజులు గడిచాయి.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చూశాక నాకు అయోమయంగా ఉంది. ఆ హోటలు మనిషి ఎవరి పేరైనా చెప్పాడా? బూట్లు చూస్తూ నాన్న ఏమైనా అన్నాడా? గుర్తు తెచ్చుకుని వెంటనే రాయి.

నాన్న పని పాడుచేశాడని మాత్రం అనుకోకు. ఆయన చూపుకేమీ కాలేదు. ఆ మడమ చక్కగా కూర్చుంది, కుట్టు ఇప్పటికీ కదల్లేదు. లోపల మెత్తగా పొర కూడా వేసి పంపాడు. అంత పని చేసినవాడికి కళ్ళు పోయాయని ఎవరంటారు? ఈ మాట ఆయనకి చెప్పి ధైర్యం ఇవ్వు, తలుపు తెరవమను.

మళ్ళీ హోటలుకి వెళ్ళకు. వాళ్ళనెందుకు ఇబ్బంది పెట్టడం?

నీ తమ్ముడు

*

మేకూ,

ఆ మడమ చక్కగా కూర్చుందని నీకెలా తెలుసు? లోపల పొర వేశాడని నేను రాయలేదు. నాకే తెలియదది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. ఇవాళ పదిహేడో రోజు.

అక్క

*

అక్కా,

ఆ బూట్లు నావి.

ఈ ఒక్క ముక్క రాసి గంటసేపు కాగితం ముందు కూర్చున్నాను. మూడు రోజులు నేను ఊళ్ళోనే ఉన్నాను. వైద్య కళాశాలలో ఉపన్యాసానికి పిలిచారు. మన ఇంటికి ఇరవై నిమిషాల నడక దూరంలో బస చేసి, నీకు మాటమాత్రం చెప్పకుండా తిరిగొచ్చేశాను. మూడేళ్ళుగా రావడం పడలేదని రాసింది పచ్చి అబద్ధం.

ఎందుకు రాలేదంటే తిన్నగా జవాబు చెప్పలేను. మొదటిరోజు భోజనాల దగ్గర "మీది ఈ ఊరేనటగా, నాన్నగారు ఏం చేసేవారు?" అనడిగారు. "తోలు పని" అన్నాను. ఫ్యాక్టరీ అనుకున్నారు వాళ్ళు. నేను కాదనలేదు. ఆ తర్వాత ఇంటికి వెళ్తానంటే ఎవరో ఒకరు కారులో తోడొస్తారు, మన వీధి చూస్తారు, నాన్న ఒళ్ళో ఎవరిదో బురద చెప్పు పెట్టుకుని కూర్చోవడం చూస్తారు. సిగ్గుపడ్డాను అక్కా. నాన్నని చూసి సిగ్గుపడ్డానో, అబద్ధానికి తలూపిన నన్ను చూసుకుని సిగ్గుపడ్డానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అంతకన్నా ఘోరం ఇంకొకటుంది. నా ఉపన్యాసం మనుషుల నడక గురించి. "రోగి మీ గదిలోకి వచ్చేటప్పటి నడక కాదు, బయటికి వెళ్ళేటప్పటి నడక చూడండి" అన్నాను. హాలంతా చప్పట్లు. ఆ మాట ఎవరిదో నీకు తెలుసు. చెప్పులు పుచ్చుకుని వెళ్ళేవాళ్ళని నాన్న మెడ సాచి వెనకనుంచి చూసేవాడు కదా. ఎందుకు నాన్నా అంటే "వచ్చేటప్పుడు మనిషి మన కోసం నడుస్తాడురా, వెళ్ళేటప్పుడు తన నడక నడుస్తాడు" అనేవాడు. ఆ బల్ల మీద కూర్చుని విన్నదే నేను ఇన్నేళ్ళుగా అమ్ముకుంటున్నాను. చివర్లో ఒకమ్మాయి లేచి "ఇది ఏ పుస్తకంలో ఉంది సార్?" అంది. "అనుభవం" అన్నాను. ఎవరి అనుభవమో చెప్పడానికి నోరు రాలేదు. వేదిక మెట్లు దిగుతుంటే మడమ ఊడింది.

హోటలు వాళ్ళు బాగుచేయించి తెచ్చారు. ఎక్కడ చేయించారని నేనడగలేదు. కాలు పెట్టగానే తెలిసిపోయింది, మడమ కింద అంత మెత్తగా పొర వేసే చెయ్యి ఒక్కటే. ఆ సాయంత్రం ఆ బూట్లతోనే మన వీధికి వచ్చాను. మందుల షాపు దగ్గర నిలబడ్డాను. కొట్లో దీపం వెలుగుతోంది, నాన్న వంగి ఏదో కుడుతున్నాడు. ఇంకో ముప్ఫై అడుగులు వేస్తే చాలు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాను.

బూట్లు చూసి నాన్న పోల్చుకుని ఉంటాడు. ఊళ్ళో ఉండి కూడా కొడుకు గడప తొక్కలేదని మనసు విరిగి కొట్టు మూసేశాడు. మరి ఆ కొత్త జతలెందుకో నాకు అర్థం కావడం లేదు. ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపిస్తావో లేదో నీ ఇష్టం. నేనైతే ఆయనకి ముఖం చూపించలేను.

నీ తమ్ముడు

*

తమ్ముడూ,

రెండు రోజులు నీ ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకుని తిట్టాను. ఊళ్ళోవాళ్ళ కాళ్ళన్నీ నడిపించే డాక్టరువి, ఇరవై నిమిషాలు నడవలేకపోయావా? నాకూ చెప్పుకోడానికి ఉన్నది నువ్వొక్కడివే కదా. నేనేం పాపం చేశాను?

మూడోరోజు కోపం కాస్త చల్లారాక పెరటి తలుపు దగ్గర కూర్చుని గట్టిగా చదివాను. లోపల సుత్తి ఆగింది. చదవడం అయ్యాక నాన్న గడియ తీసి "తెలుసు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"బూట్లు చేతికి రాగానే. ఎడమ బూటు మడమ బయటి అంచు అలా అరిగేది ప్రపంచంలో ఒక్క కాలికే."

"ఊళ్ళో ఉన్నాడని తెలిసీ ఊరుకున్నావా?"

"సాయంత్రం వచ్చాడుగా, మందుల షాపు దాకా. నిలబడినప్పుడు పోల్చుకోలేదు. వెనక్కి తిరిగి వెళ్తుంటే పోల్చుకున్నాను."

నేను నిజంగా అరిచాను. "మరి పిలవలేదేం నాన్నా?"

"పిలిస్తే ఇటు తిరుగుతాడు. నడక చూడ్డం కుదరదు."

ఈ మనిషితో ఏం మాట్లాడాలో చెప్పు. కొడుకు గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోతుంటే ఈయన మడమలు చూస్తూ కూర్చున్నాడు! నెమ్మదిగా ఒక్కొక్క ముక్కే రాబట్టాను. నీ కుడి బూటు లోపలి అంచు బాగా అరిగిందట. చిన్నప్పటి దెబ్బకి ఎడంకాలు పొడవు ఎక్కడో తగ్గి ఉంది, ఏళ్ళ తరబడి బరువంతా కుడివైపు వేసి నడుస్తున్నావు, అది ఇప్పుడు నడుము దాకా వచ్చింది, ఇలాగే వదిలేస్తే నీకు ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడటం కష్టమవుతుందట. "అందరి ఎముకలూ సరిచేస్తాడు, తనది చూసుకోడు" అన్నాడు. అందుకని ఆ కాలికి తగ్గ జత కుడుతున్నాడు. నువ్వు అనుకున్నట్టు అలిగి కాదు.

"దానికి కొట్టు మూయడమెందుకు?" అన్నాను.

"వాడు వెళ్ళేటప్పుడు నేను ముప్ఫై అడుగులు కూడా చూడలేదమ్మా. అది కళ్ళలో ఉండగానే కుట్టాలి. తలుపు తెరిస్తే పదిమంది వస్తారు, పదిమందీ వెళ్తారు, వాళ్ళ నడకలు పడి వాడిది చెరిగిపోతుంది" అన్నాడు.

నేను మూడువారాలుగా పిచ్చిదానిలా ఏవేవో అనుకున్నాను. ఇదొక్కటే నా ఊహకి రాలేదు.

"కోపం రాలేదా నాన్నా?" అనడిగాను. "రాకేం? రెండో జత పాడైంది అందుకే" అన్నాడు. మళ్ళీ సుత్తి అందుకున్నాడు. నడక చూడాలని నిన్ను పిలవలేదో, పిలిస్తే రావేమోనన్న భయంతో పిలవలేదో నాకు తెలియదు. ఆయనకీ తెలియదేమో.

ఇవాళ ఇరవై రెండో రోజు. నాలుగో జత కూడా కుదరలేదు, ఐదోది మొదలుపెట్టాడు. ఇంక ఆయన కళ్ళలో నీ నడక మిగల్లేదు తమ్ముడూ, నిన్ననే ఒప్పుకున్నాడు. అయినా తలుపు తెరవడు. ఆ గది ఉండాలంటే నువ్వు రావాలి. ముఖం చూపించలేనన్నావుగా, ఆయనకి నీ ముఖంతో పనిలేదు. వచ్చి నడువు, చాలు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

క్షేమంగా చేరాను. కొట్టు తెరిచామని మున్సిపల్ ఆఫీసులో రాయించడానికి నువ్వు పరుగెత్తావు కదా, అప్పుడు జరిగింది నీకు చెప్పనేలేదు. నాన్న నా పక్కనుంచి కదిలితేగా!

నన్ను చూడగానే వీధి తలుపు బార్లా తెరిచాడు. వచ్చావా అని కూడా అనలేదు. "బూట్లు విప్పి మందుల షాపు దాకా వెళ్ళిరా" అన్నాడు. వెళ్ళొచ్చాను. "డాక్టరులా నడుస్తున్నావు. మళ్ళీ వెళ్ళు." మళ్ళీ వెళ్ళాను. "ఇప్పుడు తప్పు చేసినవాడిలా నడుస్తున్నావు. మళ్ళీ." ప్యాంటు మడుచుకుని, ఉత్తకాళ్ళతో, పదకొండుసార్లు! వీధంతా గుమ్మాల్లోకి వచ్చేసింది. మందుల షాపాయన కొత్తవాడు, నన్నెరగడు, ఉండబట్టలేక "ఎవరు సార్ మీరు? ఏమైనా పారేసుకున్నారా?" అనడిగాడు.

"ఆ చెప్పులు కుట్టే ఆయన కొడుకునండీ" అన్నాను.

అనేసి, ఏదో అవుతుందని అక్కడే నిలబడ్డాను. "అలాగా! నా చెప్పులు నెల్లాళ్ళుగా ఆయన దగ్గరే ఉన్నాయి, ఎప్పుడిస్తారో కాస్త కనుక్కోండి" అన్నాడాయన. అంతే. పన్నెండోసారి వెళ్ళేటప్పుడు నేను ఎలా నడుస్తున్నానో నాకే ధ్యాస లేదు. వెనకనుంచి "ఆఁ, చాలు" అని వినిపించింది.

ఆ బూట్లు వేసుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. రాగానే ఎక్స్‌రే తీయించాను. ఎడంకాలు పొట్టిగానే ఉంది, నాన్న వేసిన పొరలంత మందాన. తీసిన కుర్రడాక్టరు "ఇన్నాళ్ళూ ఎలా గమనించుకోలేదు సార్?" అన్నాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

నిన్న క్లాసులో చెప్పేశాను. నడక గురించి నేను చెప్పేదంతా మా నాన్న దగ్గర నేర్చుకున్నది, ఆయన చెప్పులు బాగుచేస్తాడు, అని. పిల్లలు తలలు వంచుకుని నోట్సులో రాసుకున్నారు. ఒకడు చెయ్యెత్తి "ఇది పరీక్షలో వస్తుందా సార్?" అన్నాడు. ఇన్నేళ్ళు నేను భయపడి చచ్చింది దీనికా అక్కా?

ఒకటి మాత్రం ఇంకా అర్థం కావడం లేదు. ఉన్న రెండు రోజుల్లో నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. పేరుకుపోయిన చెప్పుల్లోంచి ఒకటి తీసి నా ఒళ్ళో పడేసి, "ఊరికే కూర్చోకపోతే కుట్టు" అన్నాడు. క్షమించినట్టా, క్షమించనట్టా? నువ్వు ఆయన పక్కనే ఉంటావు కాబట్టి అడుగుతున్నాను.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

నీ ప్రశ్న నాన్నని అడిగాను. "వాడికి చదువెక్కువై అర్థం కావడం లేదు" అన్నాడు. అంతకుమించి రాబట్టడం నావల్ల కాలేదు. జరిగింది రాస్తాను, నువ్వే తేల్చుకో.

నువ్వు కుట్టిన ఆ ఒక్క చెప్పూ రొట్టెల కొట్టావిడది. నువ్వు వెళ్ళిన మూడోరోజే అది నోరు తెరిచింది. ఆవిడ దాన్ని చేత్తో పట్టుకుని, ఒంటికాలి చెప్పుతో కుంటుకుంటూ వచ్చి కొట్టు ముందు రాద్ధాంతం మొదలుపెట్టింది. "నలభై ఏళ్ళుగా ఇస్తున్నాను, ఇలాంటి కుట్టు ఎప్పుడూ చూడలేదు. ఎవరు కుట్టారిది?"

అప్పటికి కొట్లో అయిదారుగురున్నారు. నాన్న తలెత్తి, "మా అబ్బాయి కుట్టాడండీ" అన్నాడు. "పెద్ద డాక్టరు."

"డాక్టరా! ఇలా కుడితే ఆపరేషను చేయించుకున్నవాళ్ళు బతికి బట్టకడతారా?"

"మనుషుల్ని బాగానే కుడతాడండీ. చెప్పులు ఇప్పుడే నేర్చుకుంటున్నాడు."

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఆయన అలా నవ్వి ఎన్నాళ్ళయిందో! నేను ఆ చెప్పు అందుకుని ఆయన ముందు పెట్టాను. రెండు నిమిషాల పని ఆయనకి. ముట్టుకోలేదు. తీసి బల్ల మీద, నువ్వు కూర్చున్న వైపు పెట్టాడు.

"మీరు కుట్టివ్వరా?" అంది ఆవిడ.

"వాడి కుట్టు వాడే విప్పి మళ్ళీ కుట్టాలండీ. లేకపోతే పని రాదు. వస్తాడు లెండి" అన్నాడు.

ఎప్పుడొస్తాడని ఆవిడ అడిగింది. నాన్న నావైపు చూశాడు. నేను నీకు రాసి కనుక్కుంటానన్నాను.

త్వరగా జవాబు రాయి. అప్పటిదాకా ఆవిడకి నా చెప్పులిచ్చి పంపాడు.

నీ అక్క